ఇంజను వెనక్కి వెళ్తే బ్రేకుల లెక్క ఎలా మారుతుంది?

విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ ఎవరైనా ఇంటి షెడ్డులో రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కట్టాలని కూర్చుంటే, ఆలోచన తిరిగి తిరిగి మారుతీ 800 దగ్గరికో ఆల్టో దగ్గరికో వస్తుంది. ఇంజను, గేర్‌బాక్సు, డ్రైవ్ షాఫ్టులు, హబ్బులు అన్నీ కలిసి ఆ కార్ల ముందు భాగంలోనే ఉంటాయి. ఆ మొత్తాన్నీ ఉన్నదున్నట్టు ఎత్తి సీట్ల వెనక పెడితే, వెనక చక్రాలతో నడిచే కారు తయారవుతుంది. పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు అక్కర్లేదు, డిఫరెన్షియల్ కోసం వెతకక్కర్లేదు. 800 తయారీ 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరి దాకా సాగింది కాబట్టి సామాను దొరకదన్న బెంగా లేదు. దాని బ్రేకులు విప్పి బిగించడం తెలియని కారు మెకానిక్ ఈ రెండు జిల్లాల్లో కనపడడు.

ఇంజను విషయంలో ఇంత సులువుగా కుదిరే ఈ ఏర్పాటు బ్రేకుల దగ్గరికి వచ్చేసరికి తల్లకిందులవుతుంది. ఆ కార్లకు ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉంటాయి. ముందు భాగం మొత్తం వెనక్కి పోయింది కనక డిస్కులూ దానితోపాటే వెనక్కి పోయాయి. ముందు చక్రాలకు చేతికి దొరికిన డ్రమ్ములో, డిస్కును రెండు వైపులా నొక్కి పట్టే పల్సర్ బైకు కాలిపర్లో బిగించేద్దామన్న ఆలోచన అప్పుడే పుడుతుంది. నాలుగు చక్రాలకూ బ్రేకు పడుతోంది కదా, ఇంకేం కావాలి అనిపిస్తుంది. పడటం వరకూ నిజమే. ఏ చక్రానికి ఎంత పడుతోందన్న దగ్గరే కారు నిలుస్తుందో, గిర్రున తిరుగుతుందో తేలుతుంది.

దీనికి కావలసిన లెక్క హైస్కూల్ ఫిజిక్స్ దాటదు. నడిపే మనిషితో కలిపి కారు 700 కిలోలు ఉందనుకుందాం. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం 2.3 మీటర్లు, కారు గరిమనాభి నేల నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. ఇంజను వెనక ఉంది కాబట్టి నిలబడి ఉన్నప్పుడు ముందు చక్రాల మీద 294 కిలోలు, వెనక చక్రాల మీద 406 కిలోలు పడుతున్నాయి. పొడి తారు రోడ్డు మీద మంచి టైర్లతో గట్టిగా బ్రేకు వేస్తే కారు భూమ్యాకర్షణలో 0.9 వంతు వేగంతో మందగిస్తుంది. అప్పుడు ముందుకు జరిగే బరువు 700 × 0.9 × 0.45 ÷ 2.3, అంటే సుమారు 123 కిలోలు. దాంతో ముందు 417, వెనక 283 అవుతాయి. టైరు తన మీద పడ్డ బరువుకు తగ్గట్టే రోడ్డును పట్టుకుంటుంది కాబట్టి బ్రేకు బలం కూడా అదే పాళ్లలో, ముందు 60, వెనక 40 వంతున పడాలి.

ఈ అంకెలు ఎవరి కారుకు వాళ్లు తీసుకోవలసినవే. అందుకు పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ధాన్యం లారీలు తూచే రైస్ మిల్లు వేబ్రిడ్జి మీద ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి ఎక్కిస్తే సరిపోతుంది. అక్కడ ఐదో పదో కిలోలు అటూ ఇటూ అయినా నష్టం లేదు. గరిమనాభి ఎత్తు మాత్రం అంచనాయే. దాన్ని ఐదు సెంటీమీటర్లు తప్పు వేసినా జరిగే బరువులో తేడా 14 కిలోలు మించదు. కొలవడం కష్టమన్న సాకుతో లెక్కే మానేసేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది.

ఇంజను ముందున్న హ్యాచ్‌బ్యాక్‌లో గట్టిగా బ్రేకు వేసినప్పుడు బరువు చాలావరకు ముందు చక్రాల మీదికే వస్తుంది. వెనక చక్రాలు దాదాపు తేలికపడిపోతాయి. అందుకే కంపెనీ ముందు పెద్ద డిస్కులు పెట్టి, వెనక చిన్న డ్రమ్ములతో సరిపెట్టింది. అదే సామాను ఇంజను వెనకున్న కారులో అటుదిటు మార్చి బిగిస్తే, బలమైన బ్రేకు వెనక, బలహీనమైన బ్రేకు ముందు ఉంటాయి. గట్టిగా తొక్కగానే వెనక చక్రాలు ముందుగా లాక్ అవుతాయి, అంటే తిరగడం ఆగి రోడ్డు మీద జారతాయి. లాక్ అయిన టైరు పక్కకు జారకుండా నిలబడే శక్తిని దాదాపుగా పోగొట్టుకుంటుంది. ముందు చక్రాలు లాక్ అయితే స్టీరింగ్ పనిచెయ్యదు, కారు నేరుగా వెళ్తుంది. కాలు కాస్త తీస్తే మళ్లీ దారికొస్తుంది. వెనక చక్రాలు లాక్ అయితే బండి వెనక భాగం ముందుకు తిరిగి వచ్చేస్తుంది. ఆపేలోపే సగం చుట్టు తిరుగుతుంది. షోరూమ్ కార్లలో 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరైన ఏబీఎస్, అంటే చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు, ఈ తప్పును కొంత కప్పిపుచ్చుతుంది. షెడ్డులో కట్టిన కారుకు ఆ రక్ష ఉండదు.

కాబట్టి మొదటి నిర్ణయం స్పష్టమే. ముందు చక్రాలకూ డిస్కులే కావాలి. తేలికైన దారి ఇంకో 800 ముందు నకిళ్లు (హబ్బును సస్పెన్షన్‌కు పట్టి ఉంచే పోత ముక్కలు), హబ్బులు, డిస్కులు, కాలిపర్లు సెట్టుగా తెచ్చుకోవడం. ఇక్కడో చిక్కుంది. ఈ హబ్బులో బేరింగును బిగించి పట్టుకునేది డ్రైవ్ షాఫ్టు చివర ఉండే నట్టు. ముందు చక్రాలకు ఇప్పుడు షాఫ్టు లేదు కదా అని హబ్బును ఖాళీగా వదిలేస్తే బేరింగు రెండు ముక్కలుగా విడిపోయే ప్రమాదం ఉంది. పాత షాఫ్టు బయటి జాయింటును కోసి, పళ్ల గాడీలున్న చివరి ముక్కను హబ్బులో దూర్చి, నట్టును పూర్తి టార్కుతో బిగించాలి. పది నిమిషాల లేతు పని. మర్చిపోతే చక్రమే ఊడి వస్తుంది.

ఇప్పుడు నాలుగు చక్రాలకూ ఒకే డిస్కు, ఒకే కాలిపర్. ముందూ వెనకా సమానంగా బ్రేకు పడుతుంది. కానీ కావలసింది 60-40. ఈ తేడాను తీర్చే చోటు మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ వెనకుండే ఆ చిన్న గొట్టం. గొట్టం సన్నగా ఉంటే అదే తొక్కుడుకు ఒత్తిడి ఎక్కువ పుడుతుంది, వెడల్పుగా ఉంటే తక్కువ. అంగుళాల కొలతలో 5/8 సిలిండర్ లోపలి వైశాల్యం సుమారు 198 చదరపు మిల్లీమీటర్లు, 3/4 సిలిండర్‌ది 285. ముందు చక్రాలకు 5/8, వెనక చక్రాలకు 3/4 విడివిడిగా పెడితే వెనక ఒత్తిడి ముందుదానిలో 198 ÷ 285, అంటే 0.69 వంతు. పైన లెక్కలో వెనక చక్రాలకు కావలసింది 283 ÷ 417, అంటే 0.68 వంతు. ఒక్క డిస్కు మార్చకుండా, ఒక్క కాలిపర్ కొనకుండా లెక్క దాదాపు కుదిరిపోయింది. సొంత కారు కట్టేవాళ్లలో చాలామంది చూపు చక్రాల్లోంచి కనిపించే కాలిపర్ రంగు మీదే ఉంటుంది. అసలు పని డాష్‌బోర్డు కింద కనపడకుండా ఉండే ఈ రెండు సిలిండర్లలోనే జరుగుతుంది. ఇంపోర్టెడ్ సామాను మీద డబ్బు పెట్టదలిస్తే ఇక్కడ పెట్టడం సబబు. విల్‌వుడ్, టిల్టన్ లాంటి కంపెనీలు ఈ సైజుల్లో విడి సిలిండర్లు చేస్తాయి.

తొక్కాల్సిన బలం సంగతీ చూసుకోవాలి. కాలిపర్‌లో 48 మిల్లీమీటర్ల పిస్టన్ ఒకటి ఉంది, ప్యాడు డిస్కును పట్టే చోటు మధ్య నుంచి 9 సెంటీమీటర్లు, టైరు వ్యాసార్థం 27 సెంటీమీటర్లు, ప్యాడు ఘర్షణ 0.35, పెడల్ నిష్పత్తి 5కి 1 అనుకుంటే, కారును 0.9 స్థాయిలో ఆపడానికి కాలి కింద సుమారు 35 కిలోల బలం కావాలి. ముందు పైపుల్లో 43 బార్లు, వెనక 30 బార్ల ఒత్తిడి పుడుతుంది. 35 కిలోలంటే కొత్తలో గట్టిగానే అనిపిస్తుంది గానీ బూస్టర్ (తొక్కుడుకు బలం కలిపే సాధనం) లేని తేలిక కారుకు అది మామూలే. పాళ్లు కాలికి బాగా తెలుస్తాయి కూడా.

బూస్టర్ పేరు వచ్చింది కాబట్టి ఒక సాధారణ పొరపాటు గురించి చెప్పుకోవాలి. పాత కారులోని మాస్టర్ సిలిండర్‌నే తెచ్చి, చోటు చాలలేదని బూస్టర్ తీసేసి, నేరుగా పెడల్‌కు తగిలించేస్తుంటారు. ఆ సిలిండర్ వెడల్పును బూస్టర్ సాయం ఉంటుందన్న భరోసాతోనే నిర్ణయించారు. పెడల్ నిష్పత్తీ అంతే, బూస్టర్ ఉన్న కార్లలో నాలుగు దరిదాపుల్లో ఉంటే లేనివాటిలో ఐదు ఆరు ఉండాలి. ఈ రెండూ మార్చకుండా బూస్టర్ మాత్రమే తీసేస్తే పెడల్ రాయిలా తయారవుతుంది. పాపం, అప్పుడు నింద ప్యాడ్ల మీద పడుతుంది. ప్యాడ్లు మార్చినా ఫలితం ఉండదు. బూస్టర్ ఉంచుకుంటే ఇంకో బెడద. దానికి ఇంజను మేనిఫోల్డు నుంచి వాక్యూమ్ రావాలి, ఇంజను వెనక ఉంది, గొట్టం కారు పొడవునా లాగాలి. మధ్యలో ఎక్కడ నలిగినా కాలి కింద తేడా తెలియడం బ్రేకు అవసరం పడ్డప్పుడే.

రెండు సిలిండర్లు పెడితే వాటిని ఒకే పెడల్‌కు కలిపే బ్యాలెన్స్ బార్ కావాలి. దాని పని కావడి బద్ద లాంటిదే. భుజం ఏ వైపుకు జరిగితే ఆ వైపు బరువు ఎక్కువగా పడుతుంది. బార్ మధ్యలోని ఇరుసును మరతో ముందు సిలిండర్ వైపు కొద్దిగా తిప్పితే ముందు బ్రేకు వాటా పెరుగుతుంది. పైన లెక్కలో మిగిలిన 0.01 తేడాను అలా సర్దేయొచ్చు. సర్దే దిశ ఎప్పుడూ ముందువైపుకే ఉండాలి. ఎందుకంటే వానలో పట్టు తగ్గినప్పుడు బరువు తక్కువగా ముందుకు జరుగుతుంది. పట్టు 0.5 మాత్రమే ఉంటే ముందు 362, వెనక 338 దగ్గర ఆగిపోతుంది. అప్పుడు వెనక చక్రాలు ఇంకా ఎక్కువ బ్రేకు తట్టుకోగలవు, మన అమరికలో ముందు చక్రాలే మొదట లాక్ అవుతాయి. అది క్షేమమైన తప్పు. వాన రోడ్డు మీద బాగుందని వెనక వాటా పెంచి బిగిస్తే మాత్రం, ఎండ రోజున పూర్తి పట్టు దొరికినప్పుడు వెనక చక్రాలు మోసం చేస్తాయి. అమరిక ఎప్పుడూ అత్యధిక పట్టున్న రోడ్డు మీదే చెయ్యాలి.

బార్ బిగించేటప్పుడు చూడవలసింది ఇంకొకటి ఉంది. ఒక సర్క్యూట్‌లో, అంటే ఒక సిలిండర్, దాని పైపుల వరుసలో, పైపు పగిలి ఒత్తిడి పోతే బార్ ఒక పక్కకు ఒరుగుతుంది. అలా ఒరిగినప్పుడు దాని చివరలు పెడల్ బాక్సు గోడకు తగిలి ఇరుక్కోకూడదు. కాలిపర్‌కు గాలి తీయడానికి ఉండే నిపిల్ ఒకటి వదులు చేసి, పెడల్ తొక్కి, రెండో సర్క్యూట్ పట్టుకుంటోందో లేదో షెడ్డులోనే చూడొచ్చు. ఈ పరీక్ష చెయ్యకపోతే రెండు సర్క్యూట్లు పెట్టిన ప్రయోజనమే లేదు. ఇలాంటి విషయాల్లో ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలే ముందున్నారు. కోయంబత్తూరు కరి ట్రాక్‌లో జరిగే ఫార్ములా భారత్ లాంటి పోటీల నిబంధనల ప్రకారం నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకు, రెండు స్వతంత్ర సర్క్యూట్లు ఉండాలి. పెడల్ 2000 న్యూటన్ల బలాన్ని, అంటే సుమారు 200 కిలోల తొక్కుడును వంగకుండా తట్టుకోవాలి. పరీక్షలో నాలుగు చక్రాలూ ఒకేసారి లాక్ అయ్యి చూపించాలి. పోటీకి వెళ్లే ఉద్దేశం లేనివాళ్లకు కూడా ఇంతకంటే మంచి కొలబద్ద దొరకదు. సన్న పట్టీతో వెల్డింగ్ చేసిన పెడల్ 35 కిలోలకు బాగానే కనిపిస్తుంది. భయంతో రెండు కాళ్లూ వేసి తొక్కిన క్షణంలో వంగుతుంది.

పాత కారు జంట మాస్టర్ సిలిండర్‌తోనే సరిపెట్టుకోవాలనుకునేవాళ్లకూ దారుంది, కాస్త తక్కువ దారి. ముందు చక్రాలతో నడిచే కార్లలో పైపులు సాధారణంగా ఐమూలగా విభజించి ఉంటాయి. ఒక సర్క్యూట్ ముందు ఎడమకూ వెనక కుడికీ, ఇంకొకటి మిగతా రెంటికీ వెళ్తుంది. దాన్ని ముందు, వెనకలుగా విడదీసి, వెనక పైపులో ఒత్తిడిని తగ్గించే సర్దుబాటు వాల్వు పెట్టాలి. పాత కారుకు ఉన్న వాల్వు ఆ కారు బరువుకు చేసింది, ఇక్కడ దానికి పనిలేదు. కొత్త వాల్వును ముందు పైపులో మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు.

ఇక డిస్కు సైజు మోజు. పెద్ద డిస్కు, రంధ్రాలు కొట్టిన డిస్కు, నాలుగు పిస్టన్ల కాలిపర్ చూడగానే కళ్లు అటు పోతాయి. వేడి లెక్క మాత్రం వేరే మాట చెబుతుంది. 700 కిలోల కారును 100 కిలోమీటర్ల వేగం నుంచి నిలబెడితే సుమారు 270 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారాలి. అందులో 60 శాతం ముందు డిస్కులకు, ఒక్కో డిస్కుకు 81. డిస్కు నాలుగు కిలోల పోత ఇనుమైతే ఒక్క బ్రేకుకు దాని వేడి సుమారు 44 డిగ్రీలు పెరుగుతుంది. నలుగురు మనుషులతో, సామానుతో వెయ్యి కిలోలకు చేరే కారును ఆపడానికి చేసిన బ్రేకులివి. 1000 కిలోల కారు 100 మీద మోసే శక్తి, 700 కిలోల కారు 120 మీద మోసే శక్తి ఒకటే. అంటే తేలిక కారు కట్టడం వల్ల దక్కిన లాభం 20 కిలోమీటర్ల వేగంతో ఖర్చైపోతుంది. ఆ పరిధిలో నడిచే కారుకు మామూలు డిస్కు బాగానే చాలుతుంది. చక్రానికి అదనంగా తగిలే ప్రతి కిలో సస్పెన్షన్‌ను మొద్దుబారుస్తుంది.

బైకు కాలిపర్ సంగతి ఇందుకు పూర్తిగా తిరగబడి ఉంటుంది. బైకు డిస్కు నాలుగైదు మిల్లీమీటర్ల మందం, ఒకటింపావు కిలో బరువు. అదే 81 కిలోజౌళ్లు దానికిస్తే ఒక్క బ్రేకుకు వేడి దాదాపు 140 డిగ్రీలు పెరుగుతుంది. 250 కిలోల గోకార్టుకు నప్పే సామాను అది. నాలుగోసారి గట్టిగా బ్రేకు వేసేసరికి 700 కిలోల కారులో అది వాసన కొట్టడం మొదలెడుతుంది.

ఈ ప్రాంతంలో బ్రేకు వేడి గురించి మాట్లాడితే శృంగవరపుకోట దాటాక అనంతగిరి మీదుగా అరకు వెళ్లే ఘాట్ రోడ్డు గుర్తురాక మానదు. 700 కిలోల బండి 800 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 5500 కిలోజౌళ్లు. అంటే 100 వేగం నుంచి 20 సార్లు నిలబెట్టినంత. లారీ డ్రైవర్లు ఎక్కిన గేరులోనే దిగాలనడం ఇందుకే. ఇంజను కొంత పంచుకోకపోతే ఆ వేడంతా డిస్కులకే పోతుంది, డిస్కు నుంచి ప్యాడుకు, పిస్టనుకు, చివరకు బ్రేక్ ఆయిలుకు చేరుతుంది. ఆయిలు మరిగితే పైపులో ఆవిరి పుడుతుంది, ఆవిరి నలుగుతుంది, పెడల్ నేలకు దిగిపోతుంది.

తీరానికి ఇంత దగ్గరగా ఉండేవాళ్లకు బ్రేక్ ఆయిల్ ఇంకో పరీక్ష పెడుతుంది. అది గాలిలోని తేమను లాక్కుంటుంది. కొత్త డాట్ 3 రకం ఆయిలు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. నూటికి మూడున్నర పాళ్లకు కాస్త పైగా నీరు చేరితే అది 140కి పడిపోతుంది. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. డాట్ 5.1కు 260, 180. భోగాపురం, చింతపల్లి, కళింగపట్నం వైపు ఉండేవాళ్లు డాట్ 4 పోసి, ఏడాదికోసారి మార్చడం ఉత్తమం. షాపులో సగం వాడి మూత పెట్టిన డబ్బా చవగ్గా ఇస్తానన్నా తీసుకోకూడదు, చిన్న సీలు డబ్బా కొనుక్కోవాలి. పేరు దగ్గరగా ఉందని డాట్ 5 పొయ్యకూడదు. అది సిలికాన్‌ది, మిగతావాటితో కలవదు.

పైపుల పనిలో చాలా కార్లు చెడేది ఫ్రిజ్ మెకానిక్కు చేతిలో. అతని తప్పేం లేదు. ఏసీ రాగి గొట్టం వంచడానికి మెత్తగా, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, అతని దగ్గర గొట్టం మూతిని వెడల్పు చేసే ఫ్లేరింగ్ టూలూ ఉంటుంది. కానీ మామూలు రాగి అదురుకు అదురుకు గట్టిపడి పగులుతుంది. ఆ టూలు చేసేది ఒంటి మడత ఫ్లేరు, బ్రేకు ఒత్తిడికి రెండు మడతలది కావాలి. బ్రేకులకు 4.75 మిల్లీమీటర్ల స్టీలు గొట్టం గానీ రాగి-నికెల్ గొట్టం గానీ వాడాలి. మర విషయంలో మోసం ఇంకా సన్నంగా ఉంటుంది. ఇంపోర్టెడ్ సిలిండర్లో 3/8-24 మర ఉండొచ్చు, మన కార్ల నట్లు ఎక్కువగా ఎం10 × 1. ఒకటి 9.5 మిల్లీమీటర్లు, ఇంకొకటి 10. సన్నది లావుదాంట్లోకి చక్కగా ఎక్కుతుంది, ఒకటి రెండు చుట్లు బిగుసుకున్నట్టూ అనిపిస్తుంది, ఒత్తిడి పడ్డాక ఊడుతుంది. లీకైతే తెల్ల టేపు చుట్టడం నీళ్ల పైపు వైద్యం. బ్రేకులో సీలు చేసేది మర కానే కాదు, ఫ్లేరు చేస్తుంది. హోసును కాలిపర్‌కు బిగించే బ్యాంజో బోల్టు రాగి వాషర్లు విప్పిన ప్రతిసారీ కొత్తవి వెయ్యాలి. రబ్బరు హోసులు బిగించాక స్టీరింగ్ రెండు వైపులా చివరి దాకా తిప్పి, చక్రాన్ని జాకీ మీద వేలాడనిచ్చి, హోసు సాగుతోందా, టైరుకు రాసుకుంటోందా చూడాలి.

కాలిపర్‌కు కొత్త బ్రాకెట్ చెయ్యాల్సి వస్తే, పది మిల్లీమీటర్ల మందం స్టీలు ప్లేటు తీసుకుని రంపంతోనో లేజరుతోనో కోయించడం మేలు. గ్యాసు కట్టింగు అంచును పెళుసుగా చేస్తుంది. బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో బలాన్ని చెప్పే అచ్చు ఉండాలి, ఏ అంకే లేని హార్డ్‌వేర్ షాపు బోల్టు గేటుకు బిగించుకోవాలి. పోత ఇనుము నకిల్ మీద వెల్డింగ్ ఊసే ఎత్తకూడదు. నెల్లిమర్ల, గరివిడి వైపు మిల్లు పనులు చూసిన పాత లేతు పనివాళ్లెవరైనా తెలిస్తే వాళ్లకు డయల్ గేజ్ ఇచ్చి డిస్కు ఊగు చూడమనాలి. చివర పదో వంతు మిల్లీమీటరు కంటే ఎక్కువ ఊగితే పెడల్ కాలి కింద కొట్టుకుంటుంది. చాలాసార్లు దోషం డిస్కుది కాదు, హబ్బు ముఖం మీద మిగిలిన తుప్పు పెచ్చుది. వైరు బ్రష్షుతో రుద్దితే గేజ్ ముల్లు సర్దుకుంటుంది.

గాలి ఎంత తీసినా పెడల్ మెత్తగానే ఉంటోందన్న ఫిర్యాదుకు కారణం ఒక్కోసారి కంటి ముందే ఉంటుంది. ఎడమ కాలిపర్ కుడివైపు బిగిస్తే బ్లీడింగ్ నిపిల్ కిందికి వస్తుంది. గాలి పైన చేరుతుంది, ఆయిలు కింది నుంచి పోతుంది. రెండు లీటర్లు పారబోసినా ఆ బుడగ కదలదు. నిపిల్ కాలిపర్‌లో అన్నింటికంటే పైన ఉండాలి, అంతే. స్పోర్ట్స్ కారులో మనిషి నేలకు ఆనుకుని కూర్చుంటాడు కాబట్టి మాస్టర్ సిలిండర్ కూడా కాలిపర్ కంటే దిగువకు పోవచ్చు. అప్పుడు ఆయిలు వెనక్కి జారకుండా పైపులో డిస్కులకు 2 పీఎస్ఐ ఒత్తిడిని నిలిపే చిన్న వాల్వు పెట్టుకోవాలి.

సిలిండర్లు విప్పితే డీజిలుతోనో పెట్రోలుతోనో కడిగే అలవాటు ఇక్కడ పనికిరాదు. లోపలి రబ్బరు సీళ్లు వాటికి ఉబ్బిపోతాయి. రెండు రోజులు బాగుండి మూడో రోజు బ్రేకు జామ్ అవుతుంది. కొత్త బ్రేక్ ఆయిలుతోనే కడగాలి. పాత డ్రమ్ముల ధూళిని కంప్రెసర్ గాలితో ఊదకూడదు, పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. తడిపి తుడవాలి. పెడల్ పుష్ రాడ్‌కు, సిలిండర్ పిస్టనుకు మధ్య సుమారు మిల్లీమీటరు సందు వదలాలి. సందు లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఆయిలు వెనక్కి పోయే చిన్న రంధ్రం మూసుకుపోతుంది. బండి వేడెక్కిన కొద్దీ బ్రేకు తనంతట తానే పట్టుకోవడం మొదలుపెడుతుంది. చల్లారాక వదిలేస్తుంది. షెడ్డుకు తెచ్చి చూస్తే అంతా బాగానే ఉంటుంది, దాంతో టెన్షన్ ఇంకా పెరుగుతుంది.

నాలుగు డిస్కుల ఏర్పాటులో మిగిలే లోటు హ్యాండ్ బ్రేకు. డ్రమ్ములో అది పుట్టుకతోనే ఉంటుంది. ఈ కాలిపర్లకు ఉండదు. వెనక డిస్కులున్న పెద్ద కార్ల నుంచి కేబుల్ లీవరు గల కాలిపర్లు తేవచ్చు గానీ వాటి పిస్టన్ సైజు వేరు, మాస్టర్ సిలిండర్ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. వెనక డిస్కు మీదే కేబుల్‌తో లాగే చిన్న విడి కాలిపర్ బిగించడం తక్కువ తలనొప్పి.

రేసు ప్యాడ్ల గురించి రెండు ముక్కలు చాలు. అవి వేడెక్కాకే పట్టుకుంటాయి. షెడ్డు నుంచి బయటికొచ్చిన మొదటి మలుపులో చల్లని రేసు ప్యాడు మామూలుదాని కంటే తక్కువ ఆపుతుంది.

పరీక్ష ఎక్కడ అన్నది ఈ జిల్లాల్లో అసలు ప్రశ్న. ఇంట్లో కట్టిన కారును నంబరు ప్లేటు వేసి రోడ్డెక్కించడానికి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 126వ నిబంధన కింద పుణె ఏఆర్ఏఐ లాంటి సంస్థ పరీక్ష దాటాలి. రిజిస్టరైన పాత కారును మార్చి కట్టినా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. తయారీదారు ఇచ్చిన రూపం మారిస్తే కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అందుకే ఘాట్ రోడ్డు కాగితం మీద లెక్క వరకే. బండి మాత్రం సొంత స్థలంలోనో, అనుమతి ఉన్న కాలేజీ మైదానంలోనో, కోయంబత్తూరు లాంటి ట్రాక్ మీదో తిరగాలి.

అనుమతి దొరికిన సిమెంటు నేల మీద ముందు నడక వేగంతో, తర్వాత 20తో, 40తో మొదలుపెట్టాలి. అంతకు ముందే ఇంజను ఆపి, పెడల్‌ను రెండు నిమిషాలు గట్టిగా తొక్కి పట్టుకుని, ప్రతి జాయింటు కింద తెల్ల కాగితం పెట్టి చూడాలి. కొత్త ప్యాడ్లు డిస్కుకు పట్టాలంటే 60 నుంచి 20 దాకా మెల్లగా తగ్గిస్తూ పది పన్నెండు సార్లు, పూర్తిగా ఆపకుండా వెళ్లాలి. వేడిగా ఉన్నప్పుడు పెడల్ తొక్కి ఒకే చోట నిలబెడితే ప్యాడు ముద్ర డిస్కు మీద పడిపోతుంది.

లాక్ పరీక్షకు టైరు పక్క గోడ మీద సుద్దతో అడ్డగీత గీసి, పక్కన నిలబడ్డవాళ్లు ఫోనులో స్లో మోషన్ వీడియో తియ్యాలి. గీత తిరగడం ఏ చక్రానికి ముందు ఆగిందో అందులో తెలిసిపోతుంది. వెనక గీత ముందు ఆగితే బ్యాలెన్స్ బార్ మరను సగం చుట్టు ముందు సిలిండర్ వైపు తిప్పి, లాక్ నట్టు బిగించి, మళ్లీ అదే వేగం, అదే చోటు. ముందు రెండింటిలో ఒకటే ఆగి బండి పక్కకు లాగితే బార్ ముట్టుకోకూడదు. ఆగని చక్రం కాలిపర్ స్లైడ్ పిన్నులో గ్రీజు ఎండిపోయి ఉండొచ్చు.